వెనుక టైర్లు వెడల్పు పెంచితే కారు నడకలో వచ్చే మార్పేమిటి?

1972 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో జర్మనీకి చెందిన పోర్షే సంస్థ ‘911 కరేరా ఆర్ఎస్ 2.7’ అనే స్పోర్ట్స్ కారును ప్రదర్శించింది. వెనుక భాగంలో బాతు తోకలా పైకి లేచిన రెక్క చూసినవారందరినీ ఆకట్టుకుంది. అంతగా కంటపడని మరో మార్పు చక్రాల్లో ఉంది. ముందు చక్రాలకు 185 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, వెనుక చక్రాలకు 215 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు బిగించారు. ఆ సంస్థ అమ్మకానికి తయారుచేసిన కార్లలో ముందూ వెనుకా వేర్వేరు కొలతల టైర్లు వాడటం అదే మొదటిసారి.

ఇప్పుడు శక్తిమంతమైన స్పోర్ట్స్ కార్లలో ఇది మామూలు విషయం. ఇటీవలి 911 కరేరాలో ముందు టైర్ల వెడల్పు 235, వెనుక టైర్ల వెడల్పు 295 మిల్లీమీటర్లు. వీటిని చూసి కొందరు యజమానులు తమ కార్లకూ వెనుక వెడల్పాటి టైర్లు వేయించుకుంటారు. టైరు ఎంత వెడల్పుగా ఉంటే పట్టు అంత ఎక్కువ అన్నది వారి నమ్మకం. అందులో సగమే నిజం. వెనుక టైర్లు మారితే పట్టుతో పాటు, మలుపులో ముందుగా జారేది ముందు చక్రాలా, వెనుక చక్రాలా అన్నది కూడా మారిపోతుంది. అదుపు తప్పినప్పుడు కారు ఎటు పోతుందో నిర్ణయించేది ఇదే.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

ఘర్షణ బలం ఉపరితలాలను నొక్కే బరువును బట్టి ఉంటుందనీ, అవి తాకే వైశాల్యాన్ని బట్టి ఉండదనీ ఫ్రెంచ్ శాస్త్రవేత్త గియోమ్ అమాంటన్ 1699లో ప్రకటించాడు. బడిలో చదువుకునే ఈ సూత్రం ప్రకారం టైరు వెడల్పుతో పట్టుకు సంబంధం ఉండకూడదు. అయితే రబ్బరు ఈ సూత్రానికి పూర్తిగా లోబడదు. అది మెత్తగా ఉండి రోడ్డు మీది సన్నని గరుకులోకి దిగుతుంది. బరువు పెరిగేకొద్దీ పట్టు కూడా పెరుగుతుంది కానీ, అదే నిష్పత్తిలో పెరగదు.

ఒక ఊహాత్మక లెక్క తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక టైరు మీద 300 కిలోల బరువు ఉన్నప్పుడు అది 300 కిలోల బరువుకు సమానమైన పక్కబలాన్ని తట్టుకోగలదనుకుందాం. ఒకే ఇరుసు మీద అలాంటి టైర్లు రెండు ఉంటే మొత్తం 600. మలుపులో బరువు బయటి వైపుకు ఒరిగి, లోపలి టైరు మీద 100, బయటి టైరు మీద 500 కిలోలు పడ్డాయి. అప్పుడు లోపలిది 105, బయటిది 450 ఇస్తే మొత్తం 555 మాత్రమే. బరువు మారలేదు, పట్టు మాత్రం తగ్గింది. వెడల్పాటి టైరు ఎక్కువ బరువును తేలిగ్గా మోయగలదు కాబట్టి ఈ నష్టం తగ్గుతుంది.

వెడల్పు పెరిగితే నేలను తాకే భాగం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందనుకోవడం మరో పొరపాటు. 1400 కిలోల కారులో ఒక్కో చక్రం మీద సుమారు 350 కిలోలు పడతాయి. టైరులో గాలి పీడనం 32 పీఎస్ఐ అయితే నేలను తాకే భాగం దాదాపు 156 చదరపు సెంటీమీటర్లు. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది, అంతే. పీడనం మారనంతవరకూ ఈ వైశాల్యం పెద్దగా మారదు, ఆకారం మారుతుంది. తాకే భాగం వెడల్పు 20 సెంటీమీటర్లయితే పొడవు 7.8 సెంటీమీటర్లు. వెడల్పు 23కు పెరిగితే పొడవు 6.8కి తగ్గుతుంది.

మరి లాభం ఎక్కడుంది? వెడల్పాటి టైరు లోపలి ఉక్కు తీగల పట్టీ పక్కకు అంత సులువుగా వంగదు. చక్రం ఒక్కసారి తిరిగితే రోడ్డును తాకే రబ్బరు ఎక్కువ కాబట్టి వేడి, అరుగుదల ఎక్కువ రబ్బరు మీద పంచుకుపోతాయి. అందువల్ల తయారీదారులు మరింత మెత్తని, పట్టు ఎక్కువగా ఉండే రబ్బరును వాడగలుగుతారు. అంటే అదనపు పట్టు కేవలం వెడల్పు వల్ల రాదు. ఆ వెడల్పు వీలు కల్పించే ఇతర మార్పుల వల్ల కూడా వస్తుంది.

మలుపులో ఏది ముందు జారుతుంది?

మలుపు తిరిగేటప్పుడు టైరు చూపే దిశలోనే కచ్చితంగా ప్రయాణించదు. రబ్బరు కొద్దిగా మెలిపడి, టైరు కాస్త పక్కకు జరుగుతూ ముందుకు పోతుంది. టైరు చూపే దిశకూ, అది నిజంగా వెళ్లే దిశకూ మధ్య ఉన్న తేడాను స్లిప్ యాంగిల్ అంటారు. పక్కబలం పెరిగేకొద్దీ ఈ కోణం పెరుగుతుంది. ఒక హద్దు దాటాక టైరు జారిపోతుంది.

ముందు టైర్ల కోణం ఎక్కువైతే స్టీరింగ్ తిప్పినా కారు తగినంత తిరగదు, మలుపు బయటి వైపుకు పోతుంది. ఇది అండర్‌స్టీర్. వెనుక టైర్ల కోణం ఎక్కువైతే కారు వెనుక భాగం బయటికి ఊగి, బండి గిర్రున తిరిగే ప్రమాదం ఉంటుంది. ఇది ఓవర్‌స్టీర్. మొదటి దానిలో డ్రైవరు భయపడి కాలు ఎత్తేస్తే కారు వేగం తగ్గి, ముందు చక్రాలకు పట్టు తిరిగి దొరికే అవకాశం ఉంది. రెండో దానిలో కాలు ఎత్తేస్తే బరువు ముందుకు వాలి, వెనుక చక్రాల పట్టు మరింత తగ్గుతుంది. సాధారణ కార్లను కొంత అండర్‌స్టీర్ వైపు మొగ్గేలా తయారుచేసేది అందుకే.

వెనుక ఇంజన్‌కు తోడు

పోర్షే 911లో ఇంజన్ వెనుక ఇరుసుకు అవతల ఉంటుంది. బరువులో దాదాపు 60 శాతం వెనుక చక్రాల మీదే పడుతుంది. మలుపులో వెనుక టైర్లు అంత ఎక్కువ పక్కబలాన్ని ఇవ్వాలి. తొలినాళ్లలో నాలుగు చక్రాలకూ 165 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే రకం టైర్లు ఉండేవి. కాబట్టి వెనుక టైర్లు తమ హద్దును ముందుగా చేరేవి. ఈ గుణాన్ని అదుపు చేయడానికి ఒక దశలో ముందు బంపర్ చివర్లలో ఒక్కొక్కటి 11 కిలోల ఇనుప దిమ్మలు అమర్చారు. 1969 మోడల్ నుంచి ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని 2211 నుంచి 2268 మిల్లీమీటర్లకు పెంచారు.

కరేరా ఆర్ఎస్‌లోని వెడల్పాటి వెనుక టైర్లు ఆ ప్రయత్నాల్లో తరువాతి మెట్టు. ఎక్కువ బరువు మోసే చోట ఎక్కువ సత్తా ఉన్న టైరు పెట్టారు. 210 హార్స్‌పవర్ ఇంజన్ వెనుక చక్రాలనే తిప్పుతుంది కాబట్టి వేగం పుంజుకునేటప్పుడు కూడా అవి ఉపయోగపడ్డాయి.

ఇదే పనిని వేరే కారుకు చేస్తే ఫలితం తారుమారు కావచ్చు. 2012లో వచ్చిన టయోటా 86 కూడా వెనుక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారే. దాని ఇంజన్ ముందుంది, బరువు ముందూ వెనుకా 53:47 నిష్పత్తిలో పంచుకుంటుంది. అందుకే నాలుగు చక్రాలకూ 215 మిల్లీమీటర్ల టైర్లే ఇచ్చారు. అలాంటి కారుకు వెనుక మాత్రమే వెడల్పు పెంచితే సమతూకం చెడి, ముందు చక్రాలు ముందుగా జారతాయి. భారత రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే. వాటిలో బరువు, ఇంజన్ లాగుడు, స్టీరింగ్ అన్నీ ముందు టైర్ల మీదే ఉంటాయి. వెనుక వెడల్పు పెంచడం చూడటానికి తప్ప వాటి నడకకు అక్కరకు రాదు.

టైరు మీది అంకెల లెక్క

ఆర్ఎస్ టైర్ల కొలతల్లో ఒక చక్కని లెక్క దాగి ఉంది. ముందువి 185/70, వెనుకవి 215/60. రెండూ 15 అంగుళాల రిమ్ముకు సరిపోయేవే. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. 185లో 70 శాతం 129.5, 215లో 60 శాతం 129. కాబట్టి ముందు చక్రం మొత్తం వ్యాసం సుమారు 640 మిల్లీమీటర్లు, వెనుకది 639. వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరిగినా, వ్యాసంలో తేడా ఒక్క మిల్లీమీటరే.

వెడల్పు పెంచి శాతాన్ని తగ్గించకపోతే చక్రం పెద్దదవుతుంది. అప్పుడు గేర్ల నిష్పత్తి మారినట్టవుతుంది. వేగాన్ని ఆ చక్రాల నుంచే కొలిచే కారులో స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపవచ్చు. ఏబీఎస్ వ్యవస్థ నాలుగు చక్రాల వేగాలను పోల్చి చూస్తుంది. తేడా ఎక్కువైతే దాని అంచనా తప్పుతుంది. నాలుగు చక్రాలతో నడిచే కార్లలో ముందూ వెనుకా వ్యాసాలు కలవకపోతే మధ్యలోని గేర్ల వ్యవస్థ మీద నిరంతరం ఒత్తిడి పడి, అది పాడయ్యే ప్రమాదం ఉంది.

రిమ్ము, చుట్టూ ఖాళీ

ప్రతి టైరు కొలతకూ ఇంత నుంచి ఇంత వరకు వెడల్పున్న రిమ్ములే సరిపోతాయని ప్రమాణాలున్నాయి. ఉదాహరణకు 225/45 ఆర్17 టైరుకు సాధారణంగా 7 నుంచి 8.5 అంగుళాల రిమ్ము, 255/40 ఆర్17కు 8.5 నుంచి 10 అంగుళాల రిమ్ము కావాలి. ఈ రెండు టైర్ల వ్యాసాల్లో తేడా 2 మిల్లీమీటర్లు కూడా లేదు. అయినా 7.5 అంగుళాల పాత రిమ్ముకు కొత్త టైరు ఎక్కించడం సరికాదు. ఇరుకు రిమ్ములో వెడల్పాటి టైరు పక్కగోడలు బుడగలా ఉబ్బుతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ముందు మెలిపడి, ఆ తర్వాత గానీ స్పందించదు. ఏ పట్టు కోసం డబ్బు పెట్టారో ఆ పట్టే తగ్గుతుంది. ఆర్ఎస్‌లోనూ ముందు 6, వెనుక 7 అంగుళాల రిమ్ములు వాడారు.

తరువాత చూడాల్సింది ఖాళీ. వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరిగితే లోపలి వైపు 15, బయటి వైపు 15 చొప్పున టైరు జరుగుతుంది. లోపల స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉంటాయి. బయట మడ్‌గార్డు అంచు ఉంటుంది. బండి నిలిచి ఉన్నప్పుడు తగలని టైరు, నలుగురు కూర్చుని గుంతలో పడినప్పుడు తగలవచ్చు. అలా పదే పదే రాసుకుంటే పక్కగోడ తెగి, టైరు పేలిపోవచ్చు. పోర్షే ఇంజనీర్లు ఆర్ఎస్ వెనుక ఇరుసు దగ్గర కారు బాడీనే 42 మిల్లీమీటర్లు వెడల్పు చేశారు.

వాన నీటిలో

పొడి రోడ్డు మీద కలిసొచ్చే ఆకారమే తడి రోడ్డు మీద ఎదురు తిరుగుతుంది. టైరు కింద నుంచి నీరు పక్కకు పోవడానికి సమయం కావాలి. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. నేలను తాకే భాగం పొడవు 7.8 సెంటీమీటర్లయితే నీరు తప్పుకోవడానికి దొరికేది సెకనులో వెయ్యో వంతులు మూడు. పొడవు 6.8 అయితే ఆ సమయం ఇంకా తగ్గుతుంది. పైగా తొలగించాల్సిన నీరు 15 శాతం పెరుగుతుంది. నీరు తప్పుకోకపోతే టైరు దాని మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగ్, బ్రేకు రెండూ పనిచేయవు.

లోతైన గాళ్లున్న కొత్త టైరు ఈ ముప్పును చాలావరకు తగ్గిస్తుంది. అరిగిన వెడల్పాటి టైరు దాన్ని పెంచుతుంది. గాళ్లలో కనిపించే చిన్న దిమ్మలు 1.6 మిల్లీమీటర్ల హద్దును సూచిస్తాయి. వానాకాలంలో అక్కడి దాకా ఆగకుండా మార్చుకోవడం మంచిది.

మార్చే ముందు

తయారీదారు ఆ కారుకు ఆమోదించిన టైరు కొలతలు యజమాని పుస్తకంలో, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటాయి. అందులో ముందూ వెనుకా వేర్వేరు కొలతలుంటే వాటినే పాటించాలి. లేకపోతే వెనుక మాత్రమే వెడల్పు పెంచే ఆలోచన మానుకోవడం మేలు. కొత్త టైరు బరువు మోసే సామర్థ్యం, వేగ పరిమితి పాతదానికన్నా తక్కువ ఉండకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. కొలతలు వేర్వేరైతే అరుగుదల సమం చేయడానికి ముందు టైర్లను వెనక్కి, వెనుకవాటిని ముందుకు మార్చుకునే వీలు కూడా పోతుంది.

పట్టు మాత్రమే కావాలనుకునేవారికి ఇంతకన్నా తేలికైన దారి ఉంది. అదే కొలతలో మేలైన రబ్బరుతో చేసిన టైర్లు నాలుగు చక్రాలకూ ఒకేసారి వేయించి, వీల్ అలైన్‌మెంట్ సరిచూసి, గాలి పీడనాన్ని క్రమం తప్పకుండా పరీక్షిస్తే చాలు. కారు సమతూకం చెక్కుచెదరదు, పట్టు పెరుగుతుంది.