పాడుపడింది ఊరా, న్యాయమా?

కోలారు బంగారు గనుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికలు ‘పాడుపడిన పట్టణం’ అని రాస్తాయి. కుప్పం దాటి సరిహద్దు అవతలకు వెళ్లిన నాకు అక్కడ పాడుపడిన ఊరు కనిపించలేదు. తెల్లవారకముందే మారికుప్పం స్టేషన్లో బెంగళూరు రైలు కోసం కిక్కిరిసి నిలబడిన జనం కనిపించారు. తాతలు భూగర్భంలోకి దిగారు. మనుమలు నగరానికి కూలికి పోతున్నారు. ఇన్ని వేలమంది రాత్రికి తిరిగివచ్చే ఊరిని ఖాళీ ఊరని ఎలా అంటాం?

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. గనుల కోసమే 1902లో శివసముద్రం నుంచి జలవిద్యుత్తు వచ్చింది. దొరలకు బంగళాలు, క్లబ్బులు. కూలీలకు తడికెల గుడిసెలు. ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలలో అత్యధికులు అంటరానివారుగా వెలివేయబడినవారే. భూస్వామి వాకిట వెట్టికన్నా నగదు కూలి మేలనుకున్నారు. కులం మాత్రం వారి వెంటే వచ్చింది. పెత్తనం యూరోపియన్లది, పాతాళం దళితులది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లిన చాంపియన్ రీఫ్ గనిలో బండలు పేలి కొందరు, రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని మరెందరో నేలకొరిగారు.

అయినా వారు కేవలం కూలీలుగా మిగిలిపోలేదు. అయోతీదాస్ పండితుని బౌద్ధ సంఘానికి ఇక్కడ శాఖ వెలసింది. ఆయన నడిపిన ‘తమిళన్’ పత్రిక 1926లో ఈ గనుల ఊరి నుంచే తిరిగి వెలువడింది. వేలిముద్రల నమోదును ధిక్కరిస్తూ 1930లో వేలాది కార్మికులు సమ్మెకు దిగారు. గ్రామం నిరాకరించిన ఆత్మగౌరవాన్ని వారు ఇక్కడ తామే నిర్మించుకున్నారు. మన చరిత్ర పాఠాల్లో బంగారం లెక్కలున్నాయి, ఈ లెక్క లేదు.

1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి. ఖనిజం తరిగింది, ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సుమారు 800 టన్నుల బంగారం తరలిపోగా, తవ్వినవారి వాకిళ్లలో సైనైడు దిబ్బలు మిగిలాయి. గాలి వీస్తే ఆ ధూళి నేరుగా కార్మికుల కాలనీల్లోకే చేరుతుంది.

ఇప్పుడు ఆ దిబ్బల్లోనూ బంగారం ఉందట. వాటి తవ్వకానికి 2024లో కర్ణాటక ప్రభుత్వం సమ్మతించింది. మన చిత్తూరు జిల్లా చిగురుకుంట, బిసానత్తం గనులను తిరిగి తెరుస్తామనే మాటా వింటున్నాం. తెరవవచ్చు. అయితే ఈసారి లాభంలో వాటా ఎవరిది? తరతరాలుగా నివసిస్తున్న ఇళ్లపై హక్కు ఎవరిది? దెబ్బతిన్న ఊపిరితిత్తులకు బాధ్యులెవరు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా పడే ప్రతి గునపం పాత అన్యాయాన్నే మళ్లీ తవ్వుతుంది. పాడుపడింది ఊరు కాదు, ఆ ఊరికి మనం బాకీపడిన న్యాయం.