ఐరిస్ దుంప పైకా, లోపలికా? పోయిన ఎపిసోడ్‌కి ఒక సవరణ

పోయిన ఎపిసోడ్‌లో "ఐరిస్ దుంప సగం మట్టి పైకి కనిపించేలా నాటండి" అని గట్టిగా చెప్పేశాను కదా. ఆ మాట సగమే నిజం. అది విని సైబీరియన్ ఐరిస్‌ని అలాగే నాటిన ఒక శ్రోత, ఆకుల చివర్లు ఎండిపోతున్నాయని మెయిల్ పెట్టారు. తప్పు నాదే. అందుకే ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు ఈ వివరణ కూడా పెడుతున్నాను.

జర్మన్‌లో ఐరిస్‌లన్నిటికీ ఒకటే పేరు, ష్వెర్ట్‌లీలియె. అంటే కత్తి లిల్లీ. ఆకులు కత్తుల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. చిక్కంతా అక్కడే వస్తుంది.

నేను చెప్పింది గడ్డం ఐరిస్ గురించి. దాని దుంప లావుగా అల్లం కొమ్ములా ఉంటుంది. దానికి ఎండ తగలాలి, నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. సైబీరియన్ ఐరిస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మే చివర్లో, జూన్‌లో పూస్తుంది. దుంప సన్నగా ఉంటుంది, తడి కావాలి. బోడెన్‌జే సరస్సు ఒడ్డున ఎరిస్‌కిర్ష్ దగ్గరి తడి గడ్డిమైదానాల్లో ఆ రోజుల్లో నీలం పరిచినట్టు పూసేది ఇదే. అలాంటి మైదానాలు తగ్గిపోతుండటంతో ఈ పువ్వుని 2010లో జర్మనీ "ఏడాది పువ్వు"గా ఎంచుకున్నారు. చట్టం రక్షణ కూడా ఉంది కాబట్టి బయట కనిపించినా తవ్వకండి, కోయకండి. నర్సరీలోనే కొనుక్కోండి.

నాటే పద్ధతి ఇదండీ. ఎండ బాగా వచ్చే చోటు చూసుకుని, దుంప మీద 3 నుంచి 5 సెంటీమీటర్ల మట్టి కప్పండి. మొక్కకీ మొక్కకీ 40 సెంటీమీటర్లైనా వదలండి. వసంతం నుంచి పూలు అయ్యేదాకా మట్టి ఆరనివ్వకండి. ఎండిన ఆకుల్ని చలికాలం చివర్లో కత్తిరించండి. కొన్నేళ్లకి కుదురు మధ్యలో ఖాళీ అవుతుంది. అప్పుడు ఆగస్టు, సెప్టెంబర్‌లలో తవ్వి విడదీసి, వేర్లు ఆరకముందే మళ్లీ నాటేయండి. తర్వాతి ఏడాది పూలు రాకపోయినా కంగారు పడకండి, కుదురుకోవడానికి టైం పడుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉంటే జాగ్రత్త. ఏ ఐరిస్ దుంపైనా తింటే విషమే.

ఇప్పటికే పైపైన నాటేశారా? పీకక్కర్లేదు. దుంప మీద మట్టి ఎగదోసి, బాగా నీళ్లు పోయండి. ఆ శ్రోతకీ ఇదే రాశాను. జూన్‌లో పువ్వు ఫోటో వస్తే తప్పకుండా ఎపిసోడ్‌లో చెప్తాను.