మద్రాసులో పుట్టినాడు, బీటిల్స్‌లో నిలవలేదు

గుడియాత్తంలో గంగమ్మ సిరసు పండగ వైగాసి 1న. నెల ముందునుంచే మా వీధి బ్యాండు సెట్టు పిల్లోళ్లు షిఫ్టు దిగి రాగానే సాధన మొదలు పెడతారు. పోయిన ఏడు పండగ నాలుగు రోజులుందనగా, మూడేండ్లుగా డ్రమ్ము వాయిస్తున్న పిల్లోణ్ని వద్దనేసినారు. వేలూరి నుంచి వేరేవాణ్ని పిలిపించినారు. ఆ మాట కూడా వాడితో ఎవరూ నేరుగా చెప్పలేదు, కబురు పంపినారు. వాడికోసమే ఇది రాస్తున్నా. కట్టుకథ కాదు, జరిగిందే.

పీట్ బెస్ట్ 1941 నవంబరు 24న మద్రాసులో పుట్టినాడు. తల్లి మోనా కూడా ఇండియాలో పుట్టినావిడే. 1945లో కుటుంబం ఓడెక్కి ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు పోయింది. అది రేవు పట్టణం, రెక్కలాడితే గాని డొక్కాడని జనం. మిల్లు పని చేసే మనకు ఆ పేరుతో సంబంధం వుండాది: లాంకషైర్ మిల్లులకు పోయే పత్తి దిగింది ఆ రేవులోనే.

మోనా గట్టి మనిషి. నగలు తాకట్టు పెట్టి గుర్రప్పందెంలో కాస్తే 1954లో ఆ గుర్రం గెలిచిందనీ, ఆ డబ్బుతోనే పెద్ద ఇల్లు కొన్నదనీ చెప్తారు. (మనమెవరం ఆ దారి పట్టొద్దు!) 1959 ఆగస్టు 29న ఆ ఇంటి నేలమాళిగలో కుర్రోళ్లకోసం కాస్బా అనే కాఫీ క్లబ్బు తెరిచింది. మొదటి రోజు అక్కడ వాయించినోళ్లు జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్. అప్పటికి వాళ్ల పేరు ఊరికే సరిగా తెలీదు.

మరుసటేడు ఆగస్టులో పీట్ వాళ్లకు డ్రమ్మరై జర్మనీలోని హాంబర్గుకు పోయినాడు. మామూలు రోజుల్లో రాత్రికి నాలుగున్నర గంటలు, శని ఆదివారాల్లో ఆరు గంటలు వాయింపు. మన నైట్ షిఫ్టు లాంటిదే. అట్లా రెండేండ్లు కష్టపడినాడు.

1962 ఆగస్టు 16న మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ పిలిచి, నువ్వు వద్దన్నాడు. తోటి ముగ్గురూ ఎదురుగా వచ్చి ఒక్క మాట చెప్పలేదు. రికార్డింగులో నిర్మాత జార్జ్ మార్టిన్‌కు ఆ వాయింపు నచ్చలేదంటారు. ఇంకా ఏవేవో కారణాలు చెప్తారు. ఆయన చోటుకు రింగో స్టార్ వచ్చినాడు. అక్టోబరులో బీటిల్స్ మొదటి రికార్డు వచ్చింది, ఆ తరవాత లోకమంతా వాళ్ల వెంట పడింది.

పీట్ సొంతంగా బ్యాండు పెట్టుకుని 1964లో ఒక రికార్డు ఇచ్చినాడు. అది నడవలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఇట్లాంటి బ్యాండ్లు వీధికొకటి. పనికి పోయే కుర్రోళ్లే జీతంలో మిగిల్చి, కొలతకు కుట్టించిన కోట్లు వేసుకుని, స్కూటర్లమీద తిరిగేవాళ్లు. వాళ్లనే ‘మాడ్’లు అంటారు. కొందరి కోట్లు మద్రాస్ చెక్స్‌వి, మన లుంగీ గళ్లకు అక్కచెల్లెలి వరస. ‘ది యాక్షన్’ అనే బ్యాండుకు నిర్మాత ఆ జార్జ్ మార్టినే, అయినా ఒక్క పాటా పైకి రాలేదు. ‘ది క్రియేషన్’లో ఎడ్డీ ఫిలిప్స్ వయొలిన్ కమానుతో గిటారు వాయించినాడు; ఆ ఎత్తుతో పెద్ద పేరు కొట్టింది వేరేవాళ్లు.

1968లో పీట్ వాయింపు మానేసినాడు. రొట్టెల ఫ్యాక్టరీలో బండ్లకు సరుకెత్తినాడు. తరవాత ఉద్యోగాలు ఇప్పించే సర్కారు ఆఫీసులో చేరి, పని పోయినోళ్లకు దారి చూపించే పని ఇరవై ఏండ్లు చేసినాడు. పని పోవడమంటే ఏమో తెలిసినోడు కదా! 1988లో మళ్లీ కర్రలు పట్టినాడు. 1995లో బీటిల్స్ పాత పాటల సంపుటి వచ్చింది. అందులో ఆయన వాయించినవి పది; ముప్పై మూడేండ్ల తరవాత ఆ కూలి చేతికొచ్చింది.

మా పిల్లోడు ఇప్పుడు రెండో షిఫ్టుకు పోతున్నాడు. డ్రమ్ము అమ్మలేదు, అటకమీద గోనె కప్పి పెట్టినాడు. పెండ్లిండ్ల కాలం వస్తా వుండాది, ఎవరైనా పిలవండి. ఇంకొక మాట, బ్యాండు పెద్దలకు: ఎవణ్నన్నా తీసేయాల్సి వస్తే కబురు పంపొద్దు. వాళ్లింటికి పోయి, కూర్చొని చెప్పండి.