చెరకు తోటల దీవి జమైకా

వెస్టిండీస్ క్రికెట్ జట్టు పేరు మీరు వినే ఉంటారు. కానీ వెస్టిండీస్ అని ఒక దేశం లేదు. కరీబియన్ సముద్రంలో చాలా దీవులున్నాయి. వాటిలో కొన్ని కలిసి ఒకే జట్టుగా ఆడతాయి. వాటిలో ఒకటి జమైకా. పరుగు పందేల్లో లోకాన్ని గెలిచిన ఉసేన్ బోల్ట్ పుట్టింది ఇక్కడే. జమైకా జనాభా సుమారు 28 లక్షలు. వాళ్లలో ఎక్కువ మంది తాతముత్తాతలు ఆఫ్రికా వాళ్లు. మరి అంత సముద్రం దాటి ఎట్లా వచ్చారు? వాళ్లంతట వాళ్లు రాలేదు. పట్టి తెచ్చారు.

మొదట ఆ దీవిలో టైనో జాతి వాళ్లు ఉండేవారు. 1494లో కొలంబస్ వచ్చాడు. ఆ వెనక స్పెయిన్ వాళ్లు వచ్చి పాతుకుపోయారు. వాళ్లు చేయించిన వెట్టిచాకిరీతో, వాళ్లు తెచ్చిన రోగాలతో టైనోలు దాదాపు అంతరించిపోయారు. 1655లో ఇంగ్లీషు వాళ్లు వచ్చి దీవిని పట్టుకున్నారు. చెరకు తోటలు వేశారు. అప్పట్లో ఐరోపాలో పంచదారకు మంచి గిరాకీ. తోటల్లో పనికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొని, ఓడల్లో కుక్కి తెచ్చారు. దారిలోనే ఎంతోమంది చనిపోయేవారు. మిగిలిన వాళ్లను పశువుల్లా అమ్మేవారు. కోత కాలం వస్తే రాత్రీ పగలూ గానుగ ఆగేది కాదు. కూలి లేదు, కొరడా దెబ్బ ఉంది. బానిస తల్లికి పుట్టిన బిడ్డ కూడా దొర ఆస్తే!

కొందరు తప్పించుకొని కొండల్లోకి పారిపోయారు. వాళ్లను మరూన్లు అంటారు. వాళ్ల నాయకురాలు నానీ. ఇప్పుడు ఆమె జమైకా జాతీయ వీరుల్లో ఒకరు. మరూన్లు ఆవు కొమ్ముతో చేసిన బూర ఊది, కొండ నుంచి కొండకు కబురు పంపేవారు. దాని పేరు అబెంగ్. ఇంగ్లీషు సైన్యం ఏళ్ల తరబడి పోరాడినా వాళ్లను లొంగదీయలేకపోయింది. చివరికి 1739లో ఒప్పందానికి వచ్చింది. మరూన్లకు భూమి, స్వేచ్ఛ దక్కాయి. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఇకమీదట పారిపోయి వచ్చే బానిసలను మరూన్లే పట్టి అప్పగించాలి. ఇది చేదు సంగతే. అయినా దాచిపెట్టకూడదు.

తోటల్లో మిగిలిన వాళ్ల సంగతి ఏమిటి? వాళ్ల దగ్గర దొరలు లాక్కోలేనివి కొన్ని ఉన్నాయి. ఒకటి కథ. అనాన్సీ అనే సాలెపురుగు కథలు ఆఫ్రికా నుంచి వాళ్ల వెంట వచ్చాయి. అనాన్సీ చిన్న జీవి, బలం లేదు. కానీ తెలివితో పులిని కూడా బోల్తా కొట్టిస్తుంది. రాత్రిపూట ఈ కథలు వింటూ బానిసలు ఎందుకు నవ్వుకునేవారో ఊహించవచ్చు. రెండోది తిండి. అకీ అనే పండు చెట్టు ఆఫ్రికాదే. కాయ చెట్టు మీదే పండి, దానంతట అది విచ్చుకోవాలి. పచ్చిది తింటే విషం. చౌకగా దొరుకుతుందని బానిసలకు దొరలు ఉప్పు చేప పెట్టేవారు. అకీని, ఉప్పు చేపను కలిపి వండే కూరే ఈనాడు జమైకా జాతీయ వంటకం.

ఇక సామ్ షార్ప్ గురించి చెప్పుకోవాలి. అతను మాంటెగో బే పట్నంలో ఒక బానిస. క్రైస్తవ సంఘంలో పెద్ద. అతనికి చదవడం వచ్చు. పత్రికలు సంపాదించి చదివేవాడు. బానిసత్వం తీసేయాలని ఇంగ్లండులో వాదనలు జరుగుతున్నాయని అలా తెలుసుకున్నాడు. ఆ సంగతి తోటి బానిసలకు చెప్పాడు. క్రిస్మస్ సెలవులు అయ్యాక కూలి ఇస్తేనే పనిలోకి దిగుదాం అన్నాడు. అందరిచేత బైబిలు మీద ప్రమాణం చేయించాడు. అతను కోరింది సమ్మె. కానీ 1831 డిసెంబరు 27 రాత్రి ఒక తోటలో మంటలు లేచాయి. అవి తోట నుంచి తోటకు పాకాయి. 60 వేల మంది దాకా తిరగబడ్డారని అంటారు. చనిపోయిన తెల్లవాళ్లు 14 మంది. తిరుగుబాటు అణిచాక 300 మందికి పైగా బానిసలకు మరణశిక్ష వేసి చంపారు. 1832 మే 23న షార్ప్‌ను ఉరి తీశారు. మాంటెగో బే నడిబొడ్డున ఉన్న కూడలికి ఇప్పుడు అతని పేరే పెట్టారు. అక్కడ అతని విగ్రహం చేతిలో బైబిలు ఉంటుంది. ఎదురుగా వినేవాళ్ల విగ్రహాలు ఉంటాయి.

ఆ మరుసటి ఏడే, 1833లో, ఇంగ్లండు పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది. పూర్తి విడుదల మాత్రం 1838 ఆగస్టు 1న వచ్చింది. తమ ఆస్తి పోయిందని దొరలకు నష్టపరిహారం ఇచ్చారు. అన్ని వలస దేశాల దొరలకూ కలిపి అది 2 కోట్ల పౌండ్లు. బానిసలకు? ఒక్క పైసా లేదు. ఆ సొమ్ము కోసం చేసిన అప్పు బ్రిటన్ ప్రభుత్వానికి 2015లో గాని పూర్తిగా తీరలేదు.

విడుదలైన వాళ్లలో చాలామంది తోటలు విడిచి, సొంత ఊళ్లు కట్టుకున్నారు. తోటల్లో కూలీలు కరువయ్యారు. అప్పుడు దొరల చూపు మన దేశం మీద పడింది. 1845లో మొదటి ఓడ వెళ్లింది. ఎక్కువ మందిని కలకత్తా రేవు నుంచి, కొందరిని మద్రాసు రేవు నుంచి ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. మొత్తం సుమారు 36 వేల మంది. చాలామంది తిరిగి రాలేదు. మేక మాంసం కూర, రొట్టె వాళ్లతోనే జమైకా చేరాయి. మన పీర్ల పండుగ కూడా అక్కడ ఉంది. దాన్ని హోసే అంటారు. హుస్సేన్ అనే పేరే నోట్లో నలిగి అలా మారింది. వెదురుతో, కాగితాలతో గోపురం కట్టి, డప్పులు వాయిస్తూ ఊరేగిస్తారు. ముస్లింలతో పాటు హిందువులు, ఆఫ్రికా సంతతి వాళ్లు కూడా ఆ ఊరేగింపులో నడుస్తారు.

జమైకాకు 1962 ఆగస్టు 6న స్వాతంత్ర్యం వచ్చింది. బాబ్ మార్లే పాడిన రెగ్గే పాట ప్రపంచమంతా పాకింది. 2018లో యునెస్కో రెగ్గేను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. కానీ వాళ్ల మాటకు అంత తొందరగా గౌరవం రాలేదు. ఇంట్లో, బజారులో జనం మాట్లాడేది పాట్వా. మాటలు ఎక్కువగా ఇంగ్లీషువి, కట్టు మాత్రం చాలావరకు ఆఫ్రికాది. తినడాన్ని న్యామ్ అంటారు, అది ఆఫ్రికా మాట. చదువుకున్నవాళ్లు దాన్ని చెడిపోయిన ఇంగ్లీషు అని ఈసడించేవారు. లూయీస్ బెనెట్ అనే కవయిత్రి అదే మాటలో పద్యాలు రాసి, వేదికల మీద చదివింది. జనం ఆమెను ప్రేమగా మిస్ లూ అని పిలుచుకున్నారు. ఆమె 2006లో చనిపోయింది. 2012లో బైబిలు కొత్త నిబంధన పాట్వాలో అచ్చయింది.