గిట్ట కింద టైరు

రబ్బరు మొక్క కలకత్తాకు 1873లోనే వచ్చింది. బ్రెజిల్ గింజలు లండన్ క్యూ తోటలో మొలకెత్తితే, వాటిలో కొన్నిటిని హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్ వృక్షశాస్త్ర తోటకు పంపారు. ఇక్కడి వాతావరణం పడక చచ్చిపోయాయి. మొక్క బతకని చోటికి టైరు వచ్చింది. 1936లో అదే నదికి ఎగువన, సాహాగంజ్‌లో డన్‌లప్ దేశంలోనే తొలి టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది.

గుర్రాలు అంతకు ముందునుంచే ఉన్నాయి. రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ పుట్టింది 1847లో. అయినా అరిగిన టైరును గుర్రం కాళ్ల కింద పరిచే ఆలోచన ఇక్కడ కాదు, ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకుంది.

పాత టైరు మొండిది. 1839లో గుడ్‌ఇయర్ కనిపెట్టిన పద్ధతిలో గంధకం రబ్బరు పోగుల మధ్య వంతెనలు కడుతుంది. ఆ వంతెనల వల్లే టైరు ఎండకు కారిపోదు, ఆ వంతెనల వల్లే మళ్లీ కరిగించి పోత పోయడానికీ లొంగదు. మన ఊళ్లలో టైరు చెప్పులు కోసినవాళ్లకు ఈ రసాయనశాస్త్రం తెలియకపోయినా దారి తెలుసు: కరిగించకు, కొయ్యి. మిల్లులు చేసేదీ అదే. టైరును ముక్కలు చేసి, ఉక్కు తీగను అయస్కాంతంతో లాగేసి, నైలాను పోగుల్ని గాలితో ఎగరగొట్టి, మిగిలినదాన్ని రవ్వగా దంచుతాయి. ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తే రబ్బరు గాజులా పగులుతుంది. రవ్వ ఇంకా సన్నగా వస్తుంది.

దౌడు తీసే గుర్రం ఒక్కో కాలిపై తన బరువుకు రెండింతలకు పైగా భారం పడుతుంది. అర టన్ను గుర్రమైతే టన్ను దాటుతుంది. పొడి ఇసుకలో గిట్ట కూరుకుపోయి స్నాయువులు లాగేస్తాయి. తడిసి అణిగిన ఇసుక రాయిలా ఎదురు తంతుంది. మధ్యలో రబ్బరు రవ్వ ఉంటే ఇసుక గట్టిపడదు. మోతాదు మించితే నేల ఎగరేస్తుంది, గిట్టకు పట్టు దొరకదు. మార్టిన్ కాలిన్స్ రూపొందించిన పాలీట్రాక్ అనే పందెపు నేలలో ఇసుక, పోగులు, రబ్బరు మైనంతో కలిసి ఉంటాయి. 2001లో ఇంగ్లండ్‌లోని లింగ్‌ఫీల్డ్‌లో దానిపై పందేలు మొదలయ్యాయి. అమెరికాలో కీన్‌లాండ్ పందెపు మైదానం 2006లో దాన్ని వేసి, 2014లో తీసేసి మట్టికి మళ్లింది. కాలిఫోర్నియాలోని శాంటా అనీటాలో ఇలాంటి మరో నేల 2008 జనవరి వానకు నీరు ఇంకించుకోక పందేలే రద్దయ్యాయి.

కోల్‌కతా వాళ్లు చూడాల్సింది ఈ ఉదంతాన్నే. ఇసుక నీటికంటే రెండున్నర రెట్లు బరువు, రబ్బరు నీటికంటే కాస్తే ఎక్కువ. జడివానలో పారే నీరు ముందు రబ్బరునే ఎత్తుకుపోతుంది. మైదాన్ పందేలు పచ్చికపైనే సాగుతాయి, వానాకాలానికి వేరే ట్రాకే ఉంది. దాన్ని కదపడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. రబ్బరుకు తగిన చోటు పైకప్పున్న స్వారీ శిక్షణ ఆవరణ, గుర్రపుశాల గచ్చు. అక్కడైతే రవ్వ కాలువలోకి కొట్టుకుపోదు. ఇది చిన్న విషయం కాదు: టైరులో జింకు ఉంటుంది, రవ్వ మట్టిలో కలిసిపోదు. క్రీడా మైదానాల్లో చల్లే ఇలాంటి రవ్వ అమ్మకాన్ని 2031 నుంచి ఆపాలని యూరోపియన్ యూనియన్ 2023లో నిర్ణయించింది.

రవ్వ కొనేవాళ్లు వెంట ఒక అయస్కాంతం పట్టుకెళ్లడం మంచిది. మిల్లు వదిలేసిన ఒక్క తీగ ముక్క గిట్టలో దిగినా గుర్రం కుంటుతుంది.