దేహపు తూకము: హెచ్చుతగ్గులకు కారణములు

ధాన్యపు తూకము, ఎరువుల తూకము, పాల తూకములనుగూర్చి యీ పత్రికయందు వ్రాయుట పరిపాటి. ఈ మాసమున సభ్యుల దేహపు తూకమునుగూర్చి కొన్ని సంగతులు వ్రాయ సంకల్పించితిమి. ఇది రైతుల పత్రికకు తగిన విషయమేనాయని కొందఱికి సందేహము కలుగవచ్చును. కాని నేడు దుక్కి, దమ్ము, కోత, నూర్పిడులలో పెక్కు పనులు యంత్రములే చేయుచున్నవి. మోట తోలినచోట మీట నొక్కినంతనే నీరు పారుచున్నది. పొలమునకు నడచిపోవువారు బండ్లపై పోవుచున్నారు. శ్రమ తగ్గినను కంచములోని అన్నపు కొలత తగ్గలేదు. అందుచే పల్లెలయందును మధుమేహము, రక్తపుపోటు ప్రబలినవి. కొంత బరువు తగ్గుమని వైద్యులు రైతులకు చెప్పుట సామాన్యమైనది.

ఆ మాట విని తగ్గుటకు పూనుకొనువారు పలువురు కలరు. కడవఱకు నిలుచువారు కొందఱే. మొదటి వారమున రెండు కిలోలు తగ్గెనని సంతసించినవాడు, తరువాత ఒకనాటి యుదయమున కిలోన్నర హెచ్చినట్లు చూచి కలతపడును. అప్పుడు కొందఱు ఫలము లేదని ప్రయత్నమునే మానుకొందురు. కొందఱు కసితో తిండియు నీరును మాని దేహమును మాడ్చుకొందురు. మఱికొందఱు సంతలో నమ్ము పొడులకును మాత్రలకును సొమ్ము పోయుదురు. ఈ మూడును చెఱుపు దారులే. మూడింటికిని మూలమొక్కటే: కాటాపై కనబడిన ప్రతి మార్పును క్రొవ్వు మార్పని తలంచుట. కాటా తూచునేగాని, తూచినదానిలో నీరెంతయో క్రొవ్వెంతయో వేఱుచేసి చెప్పజాలదు.

ధాన్యమునందలి తేమ

ఈ భేదము రైతునకు క్రొత్తది కాదు. నూటికి 20 పాళ్ళు తేమగల ధాన్యము 100 కిలోలున్నదనుకొందము. దానిని ఎండబోసి తేమను 14 పాళ్ళకు దింపినచో నదే ధాన్యము దాదాపు 93 కిలోలు తూగును. ఏడు కిలోలు పోయినను ఒక్క గింజయు పోలేదు. మఱల వానకు తడిసినచో తూకము హెచ్చును, పంట హెచ్చదు. పాల కేంద్రమునందును లీటర్లు మాత్రమే చూచి వెల కట్టక వెన్న పాళ్ళను పరీక్షించుట యిందులకే.

మనుష్యదేహమును ఇట్టిదే. పెద్దవయసు పురుషుల బరువులో నూటికి దాదాపు 60 పాళ్ళును, స్త్రీల బరువులో దాదాపు 50 పాళ్ళును నీరే. 70 కిలోల పురుషునియందు 40 లీటర్లకు పైబడి నీరుండును. అందు నలువదింట నొక పాలు అటునిటు మారినను కాటాపై ఒక కిలో తేడా కానవచ్చును. ఇటలీ దేశమున సాంతోరియో యను వైద్యుడు కాటాకు కుర్చీ వ్రేలాడగట్టి, అనేక సంవత్సరములు తన దేహమును, తాను తిని త్రాగినదానిని, విసర్జించినదానిని తూచి 1614వ సంవత్సరమున గ్రంథము ప్రకటించెను. తిన్నదానిలో విశేషభాగము కంటికి కానరాని యావిరియై పోవుచున్నదని ఆయన కనుగొనెను. దేహపు తూకము ఒక పూటనుండి మఱొక పూటకు నిలుకడగా నుండదను సంగతి నాడే తేలినది.

తూకము మారుటకు హేతువులు

మొదటిది, కడుపులోని పదార్థము. లీటరు నీరు త్రాగి వెంటనే కాటా యెక్కినచో ఒక కిలో హెచ్చును. రాత్రి ఆలస్యముగా భుజించినను, మలబద్ధకమున్నను మఱునాటి తూకము హెచ్చుగనే యుండును.

రెండవది, ఉప్పు. ఆసుపత్రియందు నరమునకెక్కించు సెలైనునందు లీటరునకు 9 గ్రాముల ఉప్పుండును. దేహము తనలోని ఉప్పును నీటిలో నించుమించు ఆ పాళ్ళలోనే నిలిపియుంచును. కావున పెండ్లి విందులో ఆవకాయ, అప్పడములు, పులిహోర తిని వాడుకకంటె 5 గ్రాముల ఉప్పు అధికముగా పుచ్చుకొన్నవానియందు, మూత్రపిండములు దానిని వెడలగొట్టువఱకు అర లీటరు నీరు నిలిచిపోవును. దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మన యిండ్లలో వాడుక అంతకు మించియున్నది.

మూడవది, పిండిపదార్థపు నిల్వ. మనము తిన్న అన్నములో కొంత భాగము గ్లైకోజన్ అను రూపమున కాలేయమునందును కండలయందును దాచబడును. ఈ నిల్వ పెద్దవారిలో 500 గ్రాములవఱకు నుండును. ప్రతి గ్రామును దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అన్నము తగ్గించిన క్రొత్తలో ఈ నిల్వలో సగము ఖర్చయినను, దానితోగూడ నీరు పోయి ఒక కిలో తగ్గును. మొదటి వారపు గొప్ప తగ్గుదల రహస్యమిదియే. ఒక పండుగనాడు తృప్తిగా భుజించినచో ఆ నిల్వయు నీరును మఱల చేరును. పోయినది క్రొవ్వు కాదు. వచ్చినదియు క్రొవ్వు కాదు.

నాలుగవది, చెమట. వేసవి యెండలో కష్టించువానికి గంటకు ఒక లీటరు చెమట పోవచ్చును. సాయంకాలమున తూకము తగ్గియుండుట చూచి సంతసింపరాదు. అది దేహమునకు నీటి యప్పు, వెంటనే తీర్పవలసినది.

ఐదవది, అలవాటు లేని శ్రమ. చాల దినములు పనిలేకయుండి నాట్లకో కోతకో దిగినవారికి కండలు నొచ్చును. అవి బాగుపడువఱకు వానియందు కొంత నీరు నిలుచును. నడక ఆరంభించిన క్రొత్తలో తూకము హెచ్చుట కిదియు నొక హేతువు.

ఆరవది స్త్రీలకు సంబంధించినది. నెలసరికి ముందు కొన్ని దినములు పలువురి దేహమున నీరు నిలిచి తూకము హెచ్చి, పిమ్మట తనంతనే తగ్గును. కావున స్త్రీలు ఒక నెలలోని తూకమును పై నెలలో నదే సమయపు తూకముతోనే పోల్చుకొనుట న్యాయము.

ఈ హేతువులలో రెండుమూడు కలిసినచో కిలో, కిలోన్నర తేడా సులభముగా వచ్చును. పూర్వపు వీశె దాదాపు 1.4 కిలోలు. దేహము ఒక వీశె అటునిటు ఊగుట సహజమని గుర్తుంచుకొన్నచో చాలును.

క్రొవ్వు లెక్క

ఇక క్రొవ్వు సంగతి విచారింతము. ఒక కిలో క్రొవ్వు చేరవలెనన్న, దేహపు అవసరమునకు మించి దాదాపు 7,700 కెలోరీలు తినవలయును. కిలో బియ్యమున దాదాపు 3,500 కెలోరీలుండును. అనగా వాడుక భోజనము పైని రెండు కిలోలకు మించిన బియ్యము వండుకొని తిననిదే ఒక్క దినములో కిలో క్రొవ్వు పెరుగదు. అట్లు తినగలవారెవరు? కావున తెల్లవారుసరికి హెచ్చిన కిలో క్రొవ్వు కానేరదు.

తగ్గుటకును ఇదే లెక్క. 1918లో కూనూరునందు ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారి 2020వ సంవత్సరపు అంచనాలనుబట్టి, 65 కిలోల పురుషునకు కఠినశ్రమ చేయునప్పుడు దినమునకు 3,470 కెలోరీలును, కూర్చుండి పనిచేయునప్పుడు 2,110 కెలోరీలును కావలయును. తేడా 1,360 కెలోరీలు. ఇది దాదాపు 400 గ్రాముల బియ్యము. యంత్రము పని చేసిపెట్టినను, దాని వంతు అన్నమును మనమే తినుచున్నాము.

దినమునకు 500 కెలోరీలు, అనగా 140 గ్రాముల బియ్యపుపాటి, తగ్గించినవానికి దినమునకు దాదాపు 65 గ్రాముల క్రొవ్వు తఱుగును. అది ఇంచుమించు ఒక కోడిగ్రుడ్డు బరువు. వారమునకు అర కిలో కంటె కొంచెము తక్కువ. దేహము తేలికయైనకొలది ఖర్చు తగ్గును గనుక, నెలలు గడచినకొలది ఈ తగ్గుదల యింకను మందగించును. నీటి ఊపు కిలోన్నర; క్రొవ్వు తఱుగు గ్రుడ్డంత. కాటాపై నొక్కనాడు చూచి ఆ చిన్నదానిని కనిపెట్టుట యెట్లు సాధ్యము?

తూచుకొను పద్ధతి

ఒకే కాటాను వాడవలయును. దానిని బండపఱుపుమీద సమముగా నుంచవలయును. మెత్తని నేలమీదను చాపమీదను పనికిరాదు. ఉదయమున కాలకృత్యములు తీర్చుకొని, ఏమియు తినక త్రాగక, పలుచని వస్త్రములతో తూగవలయును. ఆ యంకెను పుస్తకమున వ్రాసి మఱచిపోవలయును. వారము ముగిసిన పిమ్మట ఏడంకెలను కూడి ఏడుచేత భాగించి, ఆ సగటునే క్రిందటి వారపు సగటుతో పోల్చవలయును.

ఒక సభ్యుని లెక్క యిట్లున్నదనుకొందము. సోమవారము మొదలు మొదటి వారమున 82.4, 81.6, 82.9, 82.1, 81.8, 83.0, 82.2 కిలోలు. రెండవ వారమున 81.9, 82.6, 81.4, 81.7, 82.8, 81.5, 81.3 కిలోలు. మొదటి మంగళవారపు 81.6ను రెండవ శుక్రవారపు 82.8తో పోల్చినచో 1.2 కిలోలు పెరిగితినని దుఃఖించును. సగటులు చూచినచో మొదటి వారము 82.3, రెండవ వారము 81.9. అతడు 400 గ్రాములు తగ్గినాడు. ఒకే పుస్తకము, అవే యంకెలు. చదువు విధమున భేదము.

ఇంట కాటా లేనివారు వారమునకొకమారు, ఒకే దినమున, ఒకే వేళకు తూగి, నాలుగు వారముల పిమ్మట తీర్పు చెప్పుకొనవచ్చును. నిత్యము అంకె చూచుటచే మనశ్శాంతి చెడువారికిని ఈ పద్ధతియే మేలు. బస్తాలు తూచు పెద్ద కాటా చిన్న తేడాలను చూపుటకు తగినది కాదు.

కాటా యొక్కటే సాక్షి కాదు

నడుము కొలతను నెలకొకమారు టేపుతో తీసికొనవలయును. మన దేశస్థులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్తపడవలయునని వైద్యుల మతము. తూకము కదలకున్నను నడుము తగ్గినచో పని జరుగుచున్నదనియే యర్థము.

చెన్నపట్టణపు వైద్యులు మధుమేహమునకు దగ్గఱగానున్న 531 మందిని మూడేండ్లు పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. సామాన్యముగా నున్నవారిలో నూటికి 55 మందికి మధుమేహము రాగా, తిండి దిద్దుకొని నడక సాగించినవారిలో నూటికి 39 మందికే వచ్చెను. వీరి తూకము చెప్పుకొనదగినంత తగ్గలేదు. ఐనను మేలు కలిగినది. కాటా కదలలేదని నడక మానువారు ఈ సంగతిని మనసున నుంచుకొనవలయును.

ఉపేక్షింపరాని మార్పులు

అన్ని హెచ్చుతగ్గులును సహజములని తలంచుటయు ప్రమాదమే. రెండుమూడు దినములలో తూకము వేగముగా పెరిగి, కాళ్ళు వాచి, పడుకొన్నప్పుడు ఆయాసము వచ్చినచో గుండెగాని మూత్రపిండములుగాని చెడినవేమోయని వెంటనే వైద్యునికి చూపవలయును. ఏ ప్రయత్నమును లేక తూకము తగ్గుచు, రెండు వారములు మించిన దగ్గుగాని, అధికదాహము, అతిమూత్రములుగాని యున్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున క్షయకును మధుమేహమునకును పరీక్ష చేయించుకొనవలయును. ఇన్సులిన్ గాని చక్కెర తగ్గించు మాత్రలుగాని పుచ్చుకొనువారు వైద్యుని యడుగక ఉపవాసములు చేసినచో చక్కెర మిక్కిలి పడిపోయి ప్రాణాపాయము సంభవింపవచ్చును. మూత్రము హెచ్చించు మాత్రలతో తూకము తగ్గించుట తడి ధాన్యము నారబెట్టుట వంటిదే. పోవునది నీరు, మిగులునది నీరసము. వేసవిలో నీరు త్రాగుట మానినవాడు వడదెబ్బను పిలుచుకొనినట్లే.

రైతు సోదరులారా! నాటినది మొదలు ప్రతి యుదయమును మొక్కను పెఱికి వేరు చూచు సేద్యగాడు లేడు. నీరు పెట్టి, కలుపు తీసి, నెల గడచిన పిమ్మట చేను చూచి పైరు సంగతి చెప్పుదుము. దేహము విషయమునను ఆ యోర్పే కావలయును. అన్నములో ఒక గరిటె తగ్గించి, పప్పును కూరలును హెచ్చించి, ఉప్పు తగ్గించి, దినమున కర్ధగంటయైన చురుకుగా నడచి, వారపు సగటును వ్రాసికొనుడు. నాలుగు వారముల సగటులు మెల్లగా దిగుచున్నచో, నడుమ నొకనాడు వీశె హెచ్చినను వెఱవక మీ పని మీరు చేసికొనిపొండు. నాలుగు వారములైనను సగటు కదలనిచో, పుస్తకమును వైద్యునకు చూపి తిండి లెక్కను మఱల సరిచూచుకొనుడు.