సైనికుని ఇల్లాలికి రక్షణ: పంచాయతీ సభ్యుల బాధ్యత

దేశరక్షణకు తమ బిడ్డలను పంపిన గ్రామములు తెలుగునాట అనేకము కలవు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అను పేరు ఊరకనే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధములలోను ఆ గ్రామస్థులు సైన్యమున పనిచేసిరి. సెలవుపై వచ్చిన జవానును చూచి ఏ ఊరైనను సంతోషించును. ఆ గౌరవము తగినదే. కాని ఆ గౌరవమే ఒక్కొక్కప్పుడు ఒక ఇల్లాలి నోటికి తాళము వేయుచున్నది. భర్త చేతి దెబ్బలు తిన్న సైనికుని భార్య ఎవరితో చెప్పుకొనవలెను? ఆమెకు చట్టమున ఏ రక్షణ గలదు? పంచాయతీ సభ్యులు ఏమి చేయవలెను? ఈ విషయములను వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇది సైనికులకే పరిమితమైన దోషము కాదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, 18 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 29 మంది భర్త వలన ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురియైనవారే. సైనికులలో అత్యధికులు తమ కుటుంబములను ప్రేమతో పోషించుకొనుచున్నారు. అయినను సైనిక జీవితమున కొన్ని ప్రత్యేక పరిస్థితులు కలవు. నెలల తరబడి ఎడబాటు, దూరమున ఉన్నప్పుడు చెవిని పడు పుకార్ల వలన పుట్టు అనుమానము, పోరాటములలో చూచిన దృశ్యములు మనస్సును వదలకుండుట, మద్యపానము – ఇవి కాపురమున కలతలను పెంచవచ్చును. ఇవి కారణములే గాని, చేయి చేసికొనుటకు అనుమతులు కావు.

ఇతర దేశముల అనుభవము

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రమున ఫోర్ట్ బ్రాగ్ అను పెద్ద సైనిక స్థావరము గలదు. 2002 సంవత్సరము జూన్, జూలై మాసములలో, ఆరు వారములైనను నిండకముందే, అచ్చటి సైనికుల భార్యలు నలుగురు తమ భర్తల చేతులలోనే ప్రాణములు కోల్పోయిరి. ఆ భర్తలలో ముగ్గురు ఆఫ్ఘనిస్థానములో పనిచేసి వచ్చినవారు. సైన్యము ఒక బృందమును పంపి విచారణ జరిపించెను. దాంపత్యమున అంతకుముందే ఉన్న కలహములు, ఎడబాటు వలని ఒత్తిడి ముఖ్య కారణములని తేలెను. సహాయము కోరినచో ఉద్యోగమునకు భంగము కలుగునను భయము వలన సైనికులు ముందుకు వచ్చుట లేదని కూడ వెల్లడియయ్యెను.

ఈ భయమే మన గ్రామములలోను వినవచ్చును. “ఫిర్యాదు చేసినచో ఆయన ఉద్యోగము పోవును, అప్పుడు పిల్లల కెవరు అన్నము పెట్టుదురు?” అని ఇల్లాలు వెనుకాడును. అత్తమామలును అదే మాట చెప్పుదురు. పెద్దలును తల యూపుదురు. కావున చట్టము నిజముగా ఏమి చెప్పుచున్నదో గ్రామమున తెలిసియుండుట అవసరము.

చట్టము కల్పించిన రక్షణ

గృహహింస నుండి స్త్రీల రక్షణ చట్టము 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. కొట్టుట మాత్రమే హింస కాదు. లైంగికముగ బాధించుట, దుర్భాషలతో అవమానించుట, ఇంటి ఖర్చునకు డబ్బు ఈయకుండుట కూడ ఈ చట్టము ప్రకారము హింసయే. హింసను ఆపవలెననియు, ఇంటినుండి వెళ్ళగొట్టరాదనియు, పోషణకు డబ్బు ఈయవలెననియు మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును.

సైనికుల భార్యలకు ముఖ్యముగ ఉపకరించునవి రెండు నియమములు. భర్త ఏ సరిహద్దున పనిచేయుచున్నను, భార్య తాను స్థిరముగ గాని, తాత్కాలికముగ గాని నివసించుచున్న చోటనే దరఖాస్తు చేసికొనవచ్చును. పుట్టింట తలదాచుకొన్నను చాలును. ఇచ్చిన ఆజ్ఞ దేశమంతటను చెల్లును. సాధారణముగ దరఖాస్తు అందిన మూడు దినములలోపల మొదటి వాయిదా వేయవలెను.

ఈ ఆజ్ఞను పొందినంత మాత్రమున భర్త జైలుకు పోడు. రక్షణ ఆజ్ఞను ఉల్లంఘించినప్పుడే ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, 20,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపబడును. హింస తీవ్రమైనప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 85వ సెక్షను ప్రకారము క్రిమినల్ కేసు పెట్టు మార్గము ఎట్లును గలదు. యూనిఫారము ధరించినవాడని ఈ చట్టములు అతనిని విడిచిపెట్టవు.

జీతము నుండి మనోవర్తి

1950 నాటి సైనిక చట్టములోని 90, 91 సెక్షనుల ననుసరించి, భార్యాబిడ్డల మనోవర్తి నిమిత్తము సైనికుని జీతము నుండి కొంత మొత్తమును మినహాయించుటకు అధికారులకు అధికారము గలదు. నావిక, వైమానిక దళముల చట్టములలోను ఇట్టి నిబంధనలు కలవు. భార్య తన దరఖాస్తును భర్త పనిచేయు యూనిటు కమాండింగు ఆఫీసరుకు పంపుకొనవలెను. అధికారులు భర్త సమాధానమును కూడ తీసికొని నిర్ణయింతురు. ఉద్యోగము నిలిచియున్నప్పుడే గదా జీతము నుండి మినహాయించుట? కనుక నోరు విప్పినచో కుటుంబమునకు ఆధారమే పోవునని భయపడ నక్కరలేదు.

దరఖాస్తులో సైనికుని నంబరు, ర్యాంకు, పేరు, యూనిటు స్పష్టముగ వ్రాయవలెను. పెండ్లి, పిల్లల జననము సైనిక రికార్డులలో ‘పార్ట్-2 ఆర్డరు’ ద్వారా నమోదైనవో లేదో ముందే తెలిసికొనుట మంచిది. యూనిటు చిరునామా తెలియనిచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపవచ్చును.

పంచాయతీ కర్తవ్యము

స్త్రీ శిశు అభివృద్ధి రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలున పంచాయతీల విషయములలో ఒకటిగా చేర్చబడినది. కావున “ఇది వారి ఇంటి గొడవ” యని సభ్యులు తప్పించుకొనరాదు. సభ్యులు చేయదగిన పనులివి:

దెబ్బలు తిన్న స్త్రీని రచ్చబండకు పిలిచి, నలుగురిలో రాజీపత్రము వ్రాయింపరాదు. సెలవు ముగియువరకు ఓర్చుకొమ్మని చెప్పరాదు. ఆ సెలవు దినములే ఆమెకు అపాయకరమైన దినములు కావచ్చును.

హింస జరిగినదని గాని, జరుగనున్నదని గాని నమ్ముటకు కారణమున్నచో ఎవరైనను రక్షణాధికారికి తెలియజేయవచ్చును. సద్భావముతో తెలిపినవారిపై ఏ బాధ్యతయు రాదు. రక్షణాధికారి ఎవరో అంగన్‌వాడీ కార్యకర్త ద్వారా తెలిసికొనవచ్చును.

ప్రాణాపాయమున్నచో 112కు, సలహా సహాయములకు 181కు ఫోను చేయవలెను. గాయములున్నచో ప్రభుత్వ వైద్యశాలకు చేర్చి, అవి వ్రాతపూర్వకముగ నమోదగునట్లు చూడవలెను. సఖి కేంద్రములలో ఆశ్రయము, వైద్యము, న్యాయసలహా ఒకేచోట లభించును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి చట్టము వలన గలదు.

మనస్సు కలతపడిన జవానును కూడ విస్మరింపరాదు. నిద్ర పట్టకుండుట, ఉలికిపాటు, త్రాగుడు పెరుగుట కనిపించినచో వైద్యుని చూడుమని స్నేహముతో చెప్పవలెను. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి సలహా పొందవచ్చును. అయితే అతని చికిత్స ముగియువరకు భార్య దెబ్బలు సహింపవలెనని దీని అర్థము కాదు. ఆమె రక్షణ మొదటిది.

ఈ నంబరులను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు. గ్రామసభలో ఒకసారి చదివి వినిపింపుడు. సరిహద్దున నిలిచి దేశమును కాచువానిని గౌరవించు గ్రామము, అతని ఇంటిలోని స్త్రీకి భయము లేకుండ జూచుట కూడ తన విధియని గుర్తింపవలెను.